త్రోవకు వెల కట్టు విద్య

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణములను పటముమీద గీతలతో కలిపినచో ఒక త్రిభుజము ఏర్పడును. దాని మొదటి భుజము పూనా నుండి హైదరాబాదు మీదుగా బందరు వరకు సాగు 65వ జాతీయ రహదారిలోని ముక్క. అది సూర్యాపేటను కోదాడతో కలుపుచున్నది. రెండవ భుజము మిర్యాలగూడ నుండి నేరేడుచర్ల, హుజూర్‌నగరుల మీదుగా కోదాడకు చేరు 167వ జాతీయ రహదారి. మూడవది సూర్యాపేటకును మిర్యాలగూడకును నడుమ పల్లెలగుండ పోవు త్రోవ. ఈ త్రిభుజమును చీల్చుకొని మూసీనది దక్షిణమునకు దిగి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది. సూర్యాపేటయు కోదాడయు దాని యెడమగట్టున నుండగా మిర్యాలగూడ కుడిగట్టున నున్నది. కావున మిర్యాలగూడవాడు ఆ రెండు పట్టణములలో దేనికి పోవలెనన్నను మూసీని దాటక తప్పదు. రైలన్ననో బీబీనగరు–నడికుడి మార్గమున మిర్యాలగూడకు మాత్రమే వచ్చును. తక్కిన రెండు పట్టణములకు కారో బస్సో గతి. పెండ్లికి, ఆసుపత్రికి, రైలుస్టేషనుకు, శంషాబాదు విమానాశ్రయమునకు బండ్లు కిరాయికి తోలి జీవించువారు ఈ ప్రాంతమున ఎందరో కలరు. వారికి స్టీరింగు పట్టుట ఎంత ముఖ్యమో, ఏ దారిన పోవలయునో బయలుదేరుటకు ముందే నిర్ణయించుకొనుటయు అంత ముఖ్యము. ఈ రెండవ విద్యనుగూర్చి గణితశాస్త్రమును, మస్తిష్కశాస్త్రమును చెప్పగలిగినది చాలగలదు. చెప్పలేక విడిచినదియు కొంత కలదు.

ఏరును వంతెనలును చూచి గణితమున ఒక క్రొత్త శాఖకు విత్తు నాటినవాడు లెయొన్‌హార్డ్ ఆయిలర్. నేడు కాలినిన్‌గ్రాడ్ అను పేరుతో రష్యాలోనున్న కోనిగ్స్‌బర్గ్ నగరమున ప్రెగెల్ నది పాయలమీద ఆనాడు ఏడు వంతెనలుండెడివి. ప్రతి వంతెనను ఒక్కసారి మాత్రమే దాటుచు నగరమంతయు చుట్టివచ్చుట సాధ్యమా యని అచటి పౌరులు వినోదార్థము వాదులాడుకొనుచుండిరి. అది అసాధ్యమని 1736లో ఆయిలర్ నిరూపించెను. ఆ నిరూపణకంటె, దానికై ఆయన చేసిన త్యాగము నాకు గొప్పదిగా తోచును: వీధుల పొడవును, మలుపులను, దిక్కులను, భవనములను అన్నిటిని విడిచిపెట్టి, ఏ భూఖండము దేనితో కలిసియున్నదను ఒక్క సంగతిని మాత్రమే ఆయన మిగుల్చుకొనెను. ఊళ్ళు చుక్కలైనవి, దారులు గీతలైనవి. అట్టి చుక్కల గీతల సముదాయమునే గణితజ్ఞులు గ్రాఫు అందురు. నేడు మన ఫోనులో దారిచూపు యంత్రాంగమంతయు ఆ గ్రాఫుమీదనే నిలిచియున్నది.

చుక్కలు గీతలు ఏర్పడిన పిమ్మట అతిదగ్గర దారిని వెదకుట యెట్లు? 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను యువకుడు, తనకు కాబోవు భార్యతో అంగళ్ళు తిరిగి అలసి, ఒక కాఫీహోటలు ముంగిట కూర్చుండి, కాగితముగాని కలముగాని లేకయే ఇరువది నిమిషములలో దానికి ఉపాయము కనిపెట్టెను. తాను పనిచేయు సంస్థలో క్రొత్తగా తయారైన ఆర్మాక్ అను కంప్యూటరు శక్తిని సామాన్యజనులకు ప్రదర్శింపవలసియుండగా, ఎవరికైనను అర్థమగు ప్రశ్న యొకటి కావలసివచ్చినది. హాలండు దేశపు పటమునుండి 64 ఊళ్ళను ఏరుకొని, వానిలో ఒకదానినుండి మరియొకదానికి దగ్గరదారి ఏది యను ప్రశ్నను ఆయన యంత్రమునకు ఒప్పగించెను. ఊరి సంఖ్యను ఆరు బిట్లలో ఇముడ్చుటకు వీలగుటవలన 64 ఊళ్ళతో సరిపెట్టెను. 1959లో మూడు పుటల వ్యాసముగ వెలువడిన ఆ పద్ధతియే నేటికిని దారిచూపు విద్యకంతకు పునాది.

ఆ పద్ధతిని మన త్రిభుజముమీదనే నడిపించి చూతము. హైదరాబాదు నుండి వచ్చు బండి నార్కట్‌పల్లి యొద్ద నిలిచినదనుకొందము, పోవలసినది కోదాడ. లెక్క సులువగుటకై దూరములను ఉజ్జాయింపుగా సరిచేసికొందము: నార్కట్‌పల్లి నుండి నల్లగొండ 20 కిలోమీటర్లు, సూర్యాపేట 50, నల్లగొండ నుండి మిర్యాలగూడ 45, సూర్యాపేట నుండి కోదాడ 45, మిర్యాలగూడ 40, మిర్యాలగూడ నుండి కోదాడ 55. మొదట నార్కట్‌పల్లికి పొరుగున నున్న రెండు ఊళ్ళలో సమీపమైనది నల్లగొండ. దాని దూరము 20 అని ఖాయపరచి, అచ్చటినుండి మిర్యాలగూడకు 65 అని తాత్కాలికముగ వ్రాసికొనవలయును. తరువాత మిగిలినవానిలో సమీపమైనది సూర్యాపేట, 50, అదియు ఖాయము. అచ్చటినుండి కోదాడకు 95. సూర్యాపేట మీదుగా మిర్యాలగూడకు 90 అగును గాని, మునుపే 65 వ్రాసియున్నాము కావున దానిని త్రోసివేయవలయును. పిదప మిర్యాలగూడ 65 అని ఖాయమగును. అటునుండి కోదాడకు 120 వచ్చును గాని 95 అంతకంటె తక్కువ కనుక అదియు పోవును. కడపట కోదాడ 95, సూర్యాపేట మీదుగా, అని తేలును. నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడిచినప్పుడు ఏ తూమునకు ఏ తూము తరువాత నీరందునో అదే వరుసలో ఈ లెక్కయు ఊరినుండి ఊరికి ప్రాకుచుండును. ముందుగ తడిసిన ఊరు మరల తడియదు.

ఇప్పుడు సూర్యాపేటకును కోదాడకును నడుమనున్న గీతను చెరిపివేయుడు. లెక్క మరల చేసినచో కోదాడ 120, నల్లగొండ–మిర్యాలగూడల మీదుగా, అని వచ్చును. చుట్టు పెరిగినది ఇరువదియైదు కిలోమీటర్లు మాత్రమే. ఇది ఊహాగణితము కాదు. సూర్యాపేట సమీపమున దురాజుపల్లి పెద్దగట్టుమీద రెండేండ్ల కొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగునప్పుడు భక్తజనముతో జాతీయ రహదారి క్రిక్కిరిసిపోవును. అంతట పోలీసులు విజయవాడకు పోవు బండ్లను నార్కట్‌పల్లి యొద్దనే మళ్ళించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగరుల మీదుగా కోదాడకు పంపుదురు. ఆ ఉత్తరువు వెనుక డైక్‌స్ట్రా పేరు ఎవరికిని తెలియనక్కరలేదు. లెక్క మాత్రము అదే.

గణితము వరకు కథ ఇంత సులభము. అసలు చిక్కు గీతలమీద వ్రాయు అంకెలలో నున్నది. 45 కిలోమీటర్లని వ్రాసినచో యంత్రము 45 అనియే నమ్మును. కాని కిరాయిబండి తోలువానికి కిలోమీటరు అసలు కొలమానమే కాదు. సూర్యాపేటనుండి హైదరాబాదు పోవునప్పుడు కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు రెండును తగులును. కోదాడ దాటి విజయవాడకు పోవునప్పుడు చిల్లకల్లు తగులును. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయిన నాటినుండి కోదాడ ఆవల కొద్దిదూరముననే సరిహద్దు వచ్చినది. బండికి పర్మిట్టు ఉన్నదా లేదా యనునది ఆ దారి వెలలో చేరినది. వరికోతల నెలలలో మిర్యాలగూడ రైసుమిల్లుల యొద్ద ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరును; పల్లెదారులలో సగము వెడల్పున వడ్లు ఆరబోయుదురు, వానికి అడ్డముగ రాళ్ళు పెట్టుదురు; పగలు కనబడు ఆ రాళ్ళు రాత్రి కనబడవు. ఇరువది నిమిషములు కలిసివచ్చునని ఆ దారిన పోయినవాడు చక్రము పగిలి గంటసేపు కూర్చుండును. తిరుగుప్రయాణమున కిరాయి దొరకునా, ఖాళీగా రావలయునా యనునది మరియొక లెక్క. వెనుక సీటులో గర్భిణి యున్నచో గుంతలదారి వెల ఒకటి, పెండ్లిబట్టలకు పోవు కుటుంబమున్నచో మరియొకటి. ఒకే గీతకు ఒకే దినమున ఇద్దరు ప్రయాణికులకై రెండు వేర్వేరు వెలలు కట్టవలసిన సందర్భము ఈ వృత్తిలో నిత్యము వచ్చుచుండును. దారి వెదకుట తేలిక, దానికి వెల కట్టుట కష్టమని ఇందుచేతనే అనుచున్నాను.

ఈ వెలలను డ్రైవర్లు ఎక్కడినుండి తెచ్చుకొందురు? చాలవరకు ఒకరినుండి ఒకరు. అడ్డామీద కూర్చున్నప్పుడును, దారిలో నున్నప్పుడును ఫోనులో వారి సంభాషణ ఈ తీరున సాగును:

“అన్నా, ఏడున్నవ్? మూసీ కాడ ఎట్లుంది?”

“పొద్దుగాల గేట్లు లేపిండ్రంట. చిన్న బ్రిడ్జి మీంచి పోకు. టేకుమట్ల కాడ పెద్ద రోడ్డెక్కి నకిరేకల్ మీంచి తిరుగు.”

“లేటయితది గద, రైలుందంటున్నరు.”

“లేటయినా రైలు దొరుకుతది. అటు పోతె బండే దొరకదు.”

ఈ నాలుగు మాటలలో గ్రాఫు సిద్ధాంతమంతయు కలదు. సోలిపేట యొద్ద మూసీ ప్రాజెక్టు గేట్లెత్తినచో దిగువ నున్న లోతట్టు వంతెనలమీదికి నీరు వచ్చుననుట ఒక కార్యకారణ జ్ఞానము. ఆ క్షణమున సూర్యాపేట–మిర్యాలగూడ గీత చెరిగినట్లే. టేకుమట్ల యొద్ద జాతీయ రహదారి వంతెన ఎత్తైనది గనుక ఆ గీత నిలుచును. మిర్యాలగూడలో రైలెక్కవలసినవానికి అటు చుట్టు తిరిగినను సమయము మిగులునా యనునది మూడవ లెక్క. ఏ ఉపగ్రహమును ఈ మూడింటిని కలిపి చెప్పదు.

వర్షములు ఈ ప్రాంతపు దారులకు పెట్టు పరీక్ష ఎట్టిదో ఇటీవలి సంవత్సరములలో రెండుమారులు తేటతెల్లమైనది. 2023 జులై కడపటి వారమున మున్నేరు పొంగి నందిగామ సమీపమున ఐతవరము యొద్ద జాతీయ రహదారి మునిగినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి కోదాడ పట్టణపు వీధులే కాలువలైనవి. సరిహద్దు సమీపమున నల్లబండగూడెము యొద్ద పాలేరు నీరును, ఐతవరము యొద్ద మున్నేటి నీరును రహదారి నెక్కగా హైదరాబాదు–విజయవాడల నడుమ రాకపోకలు స్తంభించినవి. ఆ రెండుమారులును అధికారులు చూపిన మార్గము ఒక్కటే: నార్కట్‌పల్లి యొద్ద మళ్ళి, నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు చేరి, అటనుండి విజయవాడకు పోవుట. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి అని పిలువబడు ఈ మార్గము వాడపల్లి యొద్ద కృష్ణను దాటి దక్షిణపు గట్టునకు పోవును గనుక పాలేరుతోగాని మున్నేటితోగాని దానికి పని లేదు. అవి రెండును కృష్ణకు ఉత్తరమునుండి వచ్చి కలియు ఉపనదులు. పటము చూచినవాడెవడైనను ఇది గ్రహింపగలడు. కాని నార్కట్‌పల్లి దాటి, సూర్యాపేట దాటి, కోదాడ చేరి నీటిముందర నిలిచిన పిదప గ్రహించినవానికి ఆ జ్ఞానమువలన ప్రయోజనము స్వల్పము. వెనుకకు తొంబదికిపైగా కిలోమీటర్లు రావలయును, లేదా హుజూర్‌నగరు మీదుగా మిర్యాలగూడకు అడ్డముగ పడవలయును. నిర్ణయము చేయవలసిన చోటు నార్కట్‌పల్లి. హైదరాబాదునుండి వచ్చువాడు దానికి ముందే, చిట్యాలలో టీ త్రాగునప్పుడే, కోదాడలోని స్నేహితునికి ఫోను చేయవలయును.

మరి చేతిలోని ఫోను ఏమి చేయును? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములలో కనీసము నాలుగింటినుండి వచ్చు సంకేతముల కాలభేదమును కొలిచి, తానెక్కడ నున్నదో అది కనుగొనును. దారి కట్టు పని దూరముననున్న పెద్ద యంత్రములది. దేశమంతటి చుక్కలమీద డైక్‌స్ట్రా పద్ధతిని ఉన్నదున్నట్లు నడిపినచో ఆలస్యమగును గావున, గమ్యము ఏ దిక్కుననున్నదో చూచి అటువైపే ముందుగ వెదకు ఉపాయమును 1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థకు చెందిన హార్ట్, నిల్సన్, రఫేల్ అను మువ్వురు ప్రకటించిరి. షేకీ అను కదలు యంత్రమునకు దారిచూపు ప్రయత్నములో అది పుట్టినది. పెద్దరోడ్లను ముందే లెక్కించి అడ్డదారుల పట్టీ వ్రాసిపెట్టుకొను పద్ధతిని 2008లో జర్మనీలోని కార్ల్‌స్రూ పరిశోధకులు తయారుచేసిరి. వేగముల సంగతి అందుకు భిన్నము. అదే దారిన పోవుచున్న ఇతరుల ఫోనుల కదలికనుబట్టి ఏ రోడ్డున బండ్లు ఎంత వేగముగ పోవుచున్నవో యంత్రము ఊహించును. జాతీయ రహదారిమీద వేల ఫోనులుండును గాన ఆ ఊహ చక్కగ కుదురును. మూసీకి అడ్డముగనున్న పల్లెదారిలో గంటకు పది ఫోనులైనను పోకపోవచ్చును. అచ్చట బండ్లు లేకుండుట దారి ఖాళీగా నుండుటచేతనో, నీరు వచ్చి మూతపడుటచేతనో యంత్రమునకు తెలియుట దుర్లభము. ఖాళీదారియే మంచిదారియని అది పొరబడవచ్చును కూడ. 2024 మే నెలలో కేరళ పర్యటనకు పోయిన హైదరాబాదు యాత్రికులు నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర సమీపమున రాత్రివేళ వానలో ఫోను చూపిన దారిన పోయి కారుతోసహా వాగులో దిగిరి. అదృష్టవశమున ప్రాణాపాయము కలుగలేదు. ఆ సంవత్సరమే నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతమున, సగము తెగిన వంతెనమీదికి పోయిన కారు రామగంగలో పడి మువ్వురు మరణించిరి. పటములో వంతెన యున్నది, భూమిమీద లేదు.

యంత్రము పనికిరాదని చెప్పుట నా ఉద్దేశము కాదు. అనేకస్థలములలో ఆగుచు పోవలసినప్పుడు మానవుడు లెక్కలో యంత్రమునకు సరిరాడు. పదిమందిని పది ఇండ్లయొద్ద ఎక్కించుకొనవలసిన బండికి ఆ పది ఇండ్లను తిరుగు వరుసలు 36,28,800 కలవు. ఈ జాతి ప్రశ్నలను కొమ్మలుగా విభజించి నిష్ప్రయోజనమైన కొమ్మలను నరికివేయు పద్ధతిని 1963లో లిటిల్, స్వీనీ, కారెల్ అనువారితో కలిసి ప్రకటించినవాడు, తరువాత మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన కట్టా మూర్తి. డెలివరీ కుర్రవాండ్ర దారులలోను, స్కూలుబస్సుల దారులలోను పనికివచ్చు ఈ విద్య వెనుక తెలుగు ఇంటిపేరుగల ఆచార్యుడొకడు కలడని తెలుగునాట తెలిసినవారు అరుదు.

ఇక మెదడు మాట. మానవుని తలలో చెవులకు కొంచెము లోపలగా, సముద్రగుఱ్ఱమను చేప ఆకృతిని తలపించు హిప్పోకాంపస్ అను భాగము రెండు వైపులను కలదు. ఎలుకలు సైతము మలుపుల వరుసను కంఠస్థము చేయుటతో ఆగక మనస్సులో పటమును గీసికొనునని 1948లో ఎడ్వర్డ్ టోల్‌మన్ వాదించెను. ఆ పటము కూర్చుండు చోటును 1971లో జాన్ ఓకీఫ్ చూపెను: ఎలుక గదిలో ఫలానా మూలకు పోయినప్పుడు మాత్రమే హిప్పోకాంపస్‌లోని ఫలానా కణము స్పందించును, మరియొక మూలకు మరియొక కణము. దానికి ప్రక్కనున్న భాగములో, నేలను షట్కోణముల అల్లికగా కొలుచు గ్రిడ్ కణములను 2005లో నార్వే దేశపు మోసర్ దంపతులు కనుగొనిరి. ఈ మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము లభించినది.

ఎలుకలనుండి టాక్సీడ్రైవర్లకు ఈ విజ్ఞానమును నడిపించిన ఘనత ఎలినార్ మగ్వయర్ది. లండన్ నగరమున నల్లటాక్సీ తోలగోరువాడు 1865 నుండి ఒక కఠిన పరీక్షను గెలువవలసియున్నది. చేరింగ్ క్రాస్ నడిమధ్యగా ఆరుమైళ్ళ లోపలనున్న సుమారు 25,000 వీధులను, వానిమీది ప్రసిద్ధస్థలములను పటము చూడకయే అతడు చెప్పగలుగవలయును. 320 నమూనా మార్గములను చిన్న మోటారుసైకిలుమీద తిరిగి తిరిగి అభ్యసింతురు, మూడునాలుగేండ్లు పట్టును. పరీక్షాధికారి యెదుట కూర్చుండి, ఈ గుమ్మమునుండి ఆ గుమ్మమునకు పోవు దారిని వీధి పేర్లతో, మలుపులతో అప్పగించవలయును. 2000 సంవత్సరమున మగ్వయర్ బృందము ఇట్టి డ్రైవర్ల మెదళ్ళను స్కాను తీయగా, హిప్పోకాంపస్ వెనుకభాగము ఇతరులకంటె పెద్దదిగాను, ముందుభాగము చిన్నదిగాను కనబడినది. వృత్తిలో గడిపిన యేండ్లు పెరిగినకొలది ఆ భేదమును పెరిగినది. పుట్టుకతోనే పెద్ద హిప్పోకాంపస్ గలవారు ఈ వృత్తికి వచ్చిరేమో యను సందేహమును 2011లో తీర్చిరి: శిక్షణకు చేరిన 79 మందిని మొదటను చివరను పరీక్షింపగా, పరీక్ష గెలిచిన 39 మందిలో మాత్రమే వృద్ధి కనబడినది. కాని ఈ లాభము ఉచితముగ రాలేదు. క్రొత్త చిత్రములను జ్ఞాపకముంచుకొను పరీక్షలో గెలిచినవారే కొంత వెనుకబడిరి.

వీనికంటె మనకు ఎక్కువగా పనికివచ్చునది 2006 నాటి పరిశీలన. టాక్సీడ్రైవర్లను లండన్ బస్సుడ్రైవర్లతో పోల్చిచూచిరి. ఇరువురును అదే నగరమున, అదే రద్దీలో, దినమంతయు బండి నడుపువారే. అయినను ఆ వృద్ధి బస్సుడ్రైవర్లలో లేదు. నిర్ణీతమార్గమున నిత్యము పోయివచ్చువానికి దారిని ఎన్నుకొను అవసరము రాదు; మెదడుకు ఆ వ్యాయామము కలుగదు. సూర్యాపేట–హైదరాబాదుల నడుమ పది సంవత్సరములు ఒకే రోడ్డున షేరింగు బండి తోలినవాడు మంచి చోదకుడు కావచ్చును గాని, పల్లెపల్లెకు కిరాయి తోలినవాని పటము అతని తలలో నుండకపోవచ్చును. ఫోను చెప్పు మలుపులను పాటించుటయు ఇట్టిదేనని 2017లో లండన్ పరిశోధకులు చూపిరి: సోహో వీధులలో తామే దారి వెదకుకొనువారి హిప్పోకాంపస్ క్రొత్తవీధిలో అడుగిడినప్పుడెల్ల చురుకై, ఎన్ని దారులు చీలుచున్నవో లెక్కించినట్లు స్పందించినది, యంత్రము చెప్పిన దారిన పోవువారిలో ఆ స్పందన లేదు. 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన అమెరికా మరణపత్రముల పరిశీలనలో టాక్సీ, అంబులెన్సు డ్రైవర్ల మరణములలో అల్జీమర్స్ వ్యాధి భాగము తక్కిన వృత్తులకంటె తక్కువగ కనబడినది; బస్సుడ్రైవర్లకు ఆ భేదము లేదు. ఇది కారణమును నిరూపింపదని పరిశోధకులే హెచ్చరించిరి గనుక, దారి నేర్చినచో మతిమరపు రాదని ఎవరును చాటింపు వేయరాదు.

డ్రైవరు తలలో దారి ఏ వరుసన తయారగునో తెలిసికొనగోరి పరిశోధకులు ఇటీవల లండన్ డ్రైవర్లకు దూరపు గమ్యములను చెప్పి, వీధుల నొక్కొక్కటిగా చెప్పించి, ప్రతి వీధికి వారు తీసికొను కాలమును కొలిచిరి. యంత్రమువలె మొదటినుండి చివరకు ఒక్కొక్క అడుగు వెదకక, చిక్కైన కూడళ్ళను, తప్పినచో సరిదిద్దుకొనుటకు వీలులేని చోట్లను వారు ముందుగ తేల్చుకొని, మిగిలిన వీధులను వానినడుమ నింపుదురని తేలినది. మన అడ్డాలలోని అనుభవజ్ఞులు చేయునదియు ఇదియే. మిర్యాలగూడనుండి విజయవాడకు కిరాయి వచ్చినచో వారు ముందుగ అడుగునది ‘కోదాడ మీదుగనా, వాడపల్లి మీదుగనా’ అని. అది తేలినచో తక్కినది దానంతట వచ్చును. సూర్యాపేటనుండి మిర్యాలగూడకైనచో ‘మూసీని ఎక్కడ దాటుదము’ అనునదే మొదటి ప్రశ్న.

క్రొత్తగా బండి కొన్నవాడు ఈ విద్యను నేర్వదలచినచో మార్గము కష్టమైనది కాదు. ఫోను చూపు నీలిగీతను చూచి బయలుదేరుటకు ముందు దానిని ప్రక్కనబెట్టి, తాను పోవు దారిలోని ఊళ్ళను వరుసగా తనలో తాను చెప్పుకొనవలయును. ఎక్కడ ఏటిని దాటునో, ఎక్కడ రైలుగేటు పడునో, ఎక్కడినుండి వెనుకకు మళ్ళుట సాధ్యమో గుర్తించుకొనవలయును. పిదప ఫోను తీసి, అది చెప్పినదానికిని తాను చెప్పుకొన్నదానికిని ఎక్కడ భేదమున్నదో చూడవలయును. ఆ భేదమున్నచోటనే నేర్వదగినది ఉండును. పోయిన దారినే రాక, వీలైనప్పుడు వేరుదారిన తిరిగిరావలయును. వేసవిలో ఒకమారు, వానకాలమున మరియొకమారు అదే వంతెనను చూచుట మంచిది. మన దేశమున లైసెన్సు పరీక్షలో బండి నడపగలవా యని చూతురు, రోడ్డు గుర్తులు అడుగుదురు. ఏ ఊరికి ఎటు పోవలయునో ఎవరును అడుగరు. ఆ పరీక్షను పెట్టువారు అడ్డామీది పెద్దలు మాత్రమే, అదియు అడిగినవారికే.

కిరాయి బండి ఎక్కు పాఠకులకు ఒక్క విన్నపము. ధర కుదుర్చుకొనునప్పుడే ‘ఏ దారిన తీసికొనిపోదువు, ఎందుకు?’ అని డ్రైవరును అడుగుడు. వానపడు రాత్రి అతడు, ఏటికి నీరు వచ్చినది, ఇరువదియైదు కిలోమీటర్లు చుట్టు తిరుగుదమని చెప్పినచో, ఫోను చూపి వాదింపక, ఆ అదనపు డీజిలు వెలను బేరమాడక ఇచ్చివేయుడు.